నీటిమట్టం గీసిన దారి

దక్షిణ ఫ్రాన్సులో తులూజ్ నగరం నుంచి మధ్యధరా సముద్రం వైపు 240 కిలోమీటర్లు సాగే కాలువ పేరు కనాల్ దు మిదీ. ఆ కాలువ గట్టు మీద కార్లు రాని దారి ఒకటి ఉంది. పడవలకు మోకులు కట్టి లాక్కెళ్లే గుర్రాల కోసం వేసిన దారి అది. గుర్రాల కాలం పోయింది, సరుకు పడవలూ ఆగిపోయాయి. ఇప్పుడు ఆ దారి నడిచేవాళ్లదీ సైకిలు తొక్కేవాళ్లదీ. తులూజ్ నుంచి మొదటి 50 కిలోమీటర్లు తారు పరిచారు. అక్కణ్ణుంచి సన్న కంకర, మట్టి, అక్కడక్కడా చెట్ల వేర్లు మొదలవుతాయి. వెడల్పు టైర్ల గ్రావెల్ సైకిలు అవసరమయ్యేదీ అక్కడినుంచే.

అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు చెట్ల నీడ గురించీ ద్రాక్షతోటల గురించీ చెబుతారు. నాకు మాత్రం ఆ దారి వాలు మీదే ఆసక్తి. మామూలు రోడ్డు నేల ఎలా ఉంటే అలా లేస్తుంది, పడుతుంది. ఈ గట్టు అలా కాదు. నిలకడ నీటి మీద పడవ నడవాలంటే రెండు లాకుల మధ్య కాలువ మట్టం ఒకటే ఉండాలి. నీరు సమంగా ఉంటే, దాని పక్కనే వేసిన గట్టూ సమంగానే ఉంటుంది. తులూజ్‌లో కాలువ సముద్రమట్టానికి సుమారు 132 మీటర్ల ఎత్తున ఉంటే, అన్నిటికన్నా ఎత్తైన నొరూజ్ దగ్గర 189 మీటర్లు. అంటే 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఎక్కేది 57 మీటర్లే. అదీ లాకుల దగ్గరే, కొద్దికొద్దిగా. లాకు వచ్చినప్పుడు దారి కొన్ని అడుగులు లేస్తుంది, మళ్లీ చదునవుతుంది.

గోదావరి, కృష్ణా కాలువల ఒడ్డున పెరిగినవాళ్లకు లాకంటే ఏమిటో చెప్పనక్కర్లేదు; పడవను ఒక మట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించే, దించే తలుపుల గది అది. ఇక్కడి లాకులో గమనించాల్సింది దాని ఆకారం. గోడలు తిన్నగా ఉండవు. తలుపుల దగ్గర ఇరుకుగా, నడుమ సుమారు 11 మీటర్ల వెడల్పుగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. మొదట తిన్నని గోడలే కట్టారు. ఒక లాకు గోడ కూలిపోయింది. లాకులో నీరు తీసేసినప్పుడు వెనక ఉన్న తడిమట్టి గోడను లోపలికి తోస్తుంది, దాన్ని ఎదురు తోయడానికి ఇటువైపు ఏమీ ఉండదు. దాంతో గోడల్ని మట్టి వైపుకి వంచి కట్టారు. అలా కడితే గోడ, పక్కకు పడుకోబెట్టిన ఆర్చి అవుతుంది. మట్టి ఎంత తోస్తే రాళ్లు అంతగా ఒకదానికొకటి బిగుసుకుంటాయి. తలుపులదీ అదే నీతి. రెండు రెక్కలూ ఎగువ వైపుకి కోణంగా మొనదేలి కలుసుకుంటాయి. ఎగువ నీటి బరువే వాటిని మూసి ఉంచుతుంది. కాలువను తెంచాలని చూసే బలాల చేతే కాలువను కాయించడం ఇక్కడి పనివాళ్ల పద్ధతి.

నొరూజ్ దగ్గర అసలు చిక్కు ఉంది. అక్కణ్ణుంచి కాలువ ఒకవైపు అట్లాంటిక్ దిక్కుకీ, మరోవైపు మధ్యధరా దిక్కుకీ దిగుతుంది. పడవ దాటిన ప్రతిసారీ లాకు నిండా నీరు కిందికి పోతుంది. శిఖరం మీద ఆ నీటిని ఎవరు నింపాలి? రెండు సముద్రాలనూ కలపాలన్న ఆలోచన అంతకుముందు చాలామందికి వచ్చింది, ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. జవాబు చెప్పినవాడు ఇంజనీరు కాడు. బెజియేలో పుట్టి, ఉప్పు పన్ను వసూలు చేసే పియెర్ పోల్ రికే. ఉత్తరాన ఉన్న మోంతాన్ న్వార్ కొండల్లో వాగుల్ని పట్టి, పిల్లకాలువల్లో నొరూజ్‌కు తేవాలన్నాడు. 1666లో రాజాజ్ఞ వచ్చింది.

ఆ పిల్లకాలువల్లో ఒకటైన రిగోల్ ద లా ప్లేన్ గట్టు మీద కూడా మట్టిదారి ఉంది. నా మటుకు నాకు ప్రధాన కాలువ కన్నా గొప్ప పనితనం ఇక్కడే కనిపిస్తుంది. నేరుగా కొలిస్తే 20 కిలోమీటర్ల పైచిలుకు ఉండే దూరాన్ని ఈ పాయ సుమారు 38 కిలోమీటర్లు తిరిగి చేరుతుంది. ప్రధాన కాలువలో నీరు నిలవాలి, ఇందులో పారాలి. వాలు ఎక్కువైతే గట్టు కోసుకుపోతుంది. తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. అందుకే ప్రతి మిట్ట చుట్టూ తిరుగుతూ, ఎత్తును పిసినారిలా ఖర్చు పెడుతుంది. సైకిలు మీద పోతుంటే వాలు కంటికి ఆనదు. పక్కన నీరు పారుతోంది కాబట్టి ఉందని నమ్మాలి. ఇంత సన్నని లెక్క ఎవరిదన్న ప్రశ్నకు అమెరికాలోని సామాజిక శాస్త్రవేత్త చంద్రా ముఖర్జీ 2009లో వెలువడిన తన పుస్తకంలో ఒక జవాబిచ్చారు. పనికి వచ్చిన పిరనీ కొండల పల్లె స్త్రీలకు వాగునీటిని మలుపుకునే విద్య తరతరాలుగా తెలుసనీ, ఆ విద్యే ఈ పిల్లకాలువల్లో పనికొచ్చిందనీ ఆమె వాదన.

వానలు లేని నెలల కోసం నీరు నిలవ చేయడానికి 1667లో సేంత్ ఫెరెయోల్ దగ్గర ఆనకట్ట మొదలుపెట్టారు. మూడు రాతిగోడలు లేపి, వాటి మధ్య మట్టి నింపారు. చెరువు చుట్టూ కూడా కాలిబాట ఉంది.

నొరూజ్ దాటి సముద్రం వైపు దిగుతూ పోతే లా రెదోర్త్ ఊరు దగ్గర దారి 11 ఆర్చిల రాతి కట్టడం మీదుగా వెళుతుంది. అది వంతెన అనుకుంటాం. నిజానికి అది కాలువకు అలుగు. గాలివానకు కాలువ నిండితే, గట్టు తెగకముందే మిగులు నీరు ఈ ఆర్చిల కిందుగా పొర్లి పక్క ఏట్లో పడుతుంది. గుర్రం ఆగకుండా నడవాలి, నీరు ఆగకుండా పోవాలి. రెంటికీ ఒకే కట్టడం చాలింది. రికే మొదట చాలా వాగుల్ని సమమట్టంలోనే కాలువలోకి రానిచ్చాడు. వరదలు ఒండ్రు తెచ్చి పోశాయి. 1686లో వచ్చి చూసిన సైనిక ఇంజనీరు వోబాన్ సలహాతో వాగుల్ని కాలువ కిందుగా పంపే కట్టడాలు, ఇలాంటి అలుగులు వచ్చాయి. అయితే అంతకు పదేళ్ల ముందే, 1676లో, రెపూద్ర్ వాగు మీద రికే ఒక కాలువ వంతెన కట్టించాడు. కింద వాగు, పైన పడవలు. ఇప్పటికీ దాని మీదుగా సైకిలు పోతుంది.

ఆ వంతెన ఉన్నది అర్జాన్ లాకు నుంచి బెజియే దాకా ఒక్క లాకూ లేని 54 కిలోమీటర్ల నిడివిలో. నేరుగా అయితే 40 కిలోమీటర్లు కూడా ఉండదు. ఒకే మట్టం తప్పకూడదని కాలువ కొండల అంచులు పట్టుకుని మెలికలు తిరిగింది. తొక్కేవారికి పొద్దంతా ఎక్కుడూ లేదు, దిగుడూ లేదు. ఎదురుగాలి ఒక్కటే లెక్కలోకి వస్తుంది. అలసట వస్తే వేర్ల వల్ల వస్తుంది. కశ్మీరు చినారుకు దగ్గరి చుట్టమైన ప్లేన్ చెట్లను 19వ శతాబ్దంలో గట్ల నిండా నాటారు. వాటి వేర్లు గట్టును పట్టి ఉంచాయి, దారినీ ఎగుడుదిగుడు చేశాయి. 2006లో బయటపడిన శిలీంధ్ర తెగులుకు వేల చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఒకే జాతి మీద ఆధారపడకుండా రకరకాల చెట్లు నాటుతున్నారు. అందాక కొన్నిచోట్ల ఎండలోనే ప్రయాణం.

ఈ నిడివి చివర్లో మల్పా కొండ అడ్డం వస్తుంది. లాకు కట్టి ఎక్కితే మట్టం చెడుతుంది. పైగా కొండ మీదికి నీరు ఎక్కడినుంచి తేవాలి? 1679లో కొండను సుమారు 165 మీటర్లు తొలిచి పడవల్ని లోపలినుంచి పంపారు. సైకిలు దారి మాత్రం కొండెక్కి దిగుతుంది. పైనుంచి చూస్తే మోంతాదీ కనబడుతుంది. 13వ శతాబ్దంలో ఆరబెట్టిన గుండ్రని మడుగు అది. పొలాల మధ్య కాలవలన్నీ నడిమికి చేరేలా తవ్వి, ఆ నీటిని ఇదే కొండ కిందుగా సొరంగంలో బయటికి పంపారు. 19వ శతాబ్దంలో రైలు సొరంగమూ ఇక్కడే తొలిచారు. ఒకే కొండ కింద మూడు కాలాల సొరంగాలు, ఒకదాని దారిలోకి ఒకటి రాకుండా ఉన్నాయి.

బెజియే అంచున ఫోన్సెరాన్ దగ్గర, ఇన్నాళ్లూ దిగకుండా దాచిన ఎత్తంతా ఒక్కసారి దిగాలి. 300 మీటర్ల దూరంలో 21.5 మీటర్లు. కోడిగుడ్డు ఆకారపు గదులు ఎనిమిదింటిని వరుసగా మెట్లలా కట్టారు. ఒక గది దిగువ తలుపే తరవాతి గదికి ఎగువ తలుపు కాబట్టి ఎనిమిదింటికి తొమ్మిది జతల తలుపులు చాలాయి. విడివిడిగా కడితే పదహారు కావాలి. 1680లో రికే కన్నుమూశాడు, మరుసటి ఏడు కాలువ తెరిచారు. అప్పట్లో పడవలు మెట్లన్నీ దిగి ఓర్బ్ నదిలోకి దిగేవి. వరదొస్తే ఆగేవి. 1858లో నది మీద రాతి కాలువ వంతెన కట్టాక, చివరి మెట్టు దాకా పోకుండా పక్కకు మళ్లి వంతెనెక్కుతున్నాయి. సైకిలు దారి కూడా ఆ వంతెన మీదుగానే, నీటి పక్కనే, నది దాటి సముద్రం వైపు సాగుతుంది.