పుస్తకం, పాత్ర, పడిగె: భద్రాచలం అటవీ సరిహద్దులో పానమూ పఠనమూ

తెలుగు కవిత్వంలో పుస్తకాన్నీ పానపాత్రనూ ఒకే చెట్టునీడన చేర్చిన కృతిగా దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ ప్రసిద్ధం. ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఆయన పారసీ నుంచి తెలుగు చేశారు. అందులోని మధువు లౌకికమా, తాత్త్వికమా అన్న చర్చ విమర్శకులకు సుపరిచితం. ఇక్కడ గమనించవలసిన విషయం వేరు. ఆ కావ్యలోకంలో తాగేవాడూ చదివేవాడూ ఒక్కడే. అతనికి తీరిక ఉంది, చెంత ప్రియురాలు ఉంది, చుట్టూ సమాజం లేదు. మద్యమత్తులో పఠనం అనగానే విద్యావంతుడైన తెలుగు పాఠకుడికి తోచే చిత్రం ఇదే.

రామిరెడ్డిది నెల్లూరు సీమ. సరిగ్గా ఆ జిల్లాలోనే, ఆయన తరువాత అర్ధశతాబ్దానికి, పుస్తకం పాత్రకు ఎదురు తిరిగింది. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రిబడుల్లో చదివించిన ‘సీతమ్మ కథ’, ‘ఆడవాళ్లు ఏకమైతే’ పాఠాలు దూబగుంట మొదలైన గ్రామాల సారా వ్యతిరేక పోరాటంతో ముడిపడ్డాయి. తాగివచ్చినవారు బడికి అడ్డుతగలడం కూడా ఆ పోరాటానికి ఒక కారణమైంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఒక వాచకం ప్రభుత్వ ఆదాయాన్నే కదిలించిన సందర్భం ఆధునిక తెలుగు చరిత్రలో అరుదు. ఈ రెండు కృతులూ పరస్పర విరుద్ధమైనవే. అయినా రెండింటిలోనూ మద్యం కొని తెచ్చుకునే వస్తువు, తాగడం ఒక వ్యక్తి చేసే పని. ఖమ్మం మైదానం దాటి భద్రాచలం అడవిలో అడుగుపెట్టగానే ఈ ఊహ చెదిరిపోతుంది.

చెట్టును చదివినవారు

గోదావరికి ఇరువైపులా కోయలూ కొండరెడ్లూ నివసించే ఈ ప్రాంతంలో మద్యానికి మూలం దుకాణం కాదు, చెట్టు. జీలుగు నుంచి కల్లు, ఇప్పపూల నుంచి సారా. కరువు కాలంలో జీలుగు మొవ్వును దంచి పిండిగా తినడమూ ఉంది. అంటే ఒకే చెట్టు పానీయమూ గ్రాసమూ అవుతుంది. 1941లో కొండరెడ్ల మధ్య పరిశోధన చేసిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ తన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ (1945)లో కల్లును వ్యసనాల పద్దులో కాక జీవనాధారాల వరుసలో చూపారు. ఆయన గ్రంథంలో నేటికీ విలువ తగ్గని భాగాల్లో అది ఒకటి.

అంతకుముందు వలస పాలకులు అదే చెట్టును ఆదాయంగా చదివారు. రంప మన్‌సబుదారు వసూలు చేసిన చిగురుపన్ను, ఆపై కల్లుగీత హక్కును బయటి గుత్తేదారులకు అప్పగించిన అబ్కారీ విధానం 1879 రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాలు. ఆ తిరుగుబాటు భద్రాచలం పక్కనున్న రేకపల్లి సీమకూ పాకింది. అక్కడి ప్రధాన ఫిర్యాదు పోడు పన్ను పెంపు. పోడూ కల్లూ రెండూ అడవి మీది హక్కులే కనుక రెండు ఫిర్యాదులూ కలిసిపోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. తిరుగుబాటుకు ‘తాగుడు కోసం లేచిన జనం’ అన్న వ్యాఖ్యానం ఎంత సులభంగా అతుకుతుందో, అంత పేలవమైనది.

పన్నుపట్టీ, పరిశోధన గ్రంథం, అక్షరాస్యతా వాచకం: మూడూ తాగేవారి గురించి ఇతరులు రాసినవి. తాగే సమాజం తన పాఠాన్ని ఎలా చదువుకుంటుందో ఇవి చెప్పలేవు.

పడిగె ముందర

ఆ పాఠం పడిగెలో ఉంది. కోయల గట్లకు వేర్వేరు వేల్పులు, వేర్వేరు పడిగెలు. గుడ్డమీద వరుసగా అమర్చిన బొమ్మల్లో ఆ గట్టు పుట్టుక, వలస, వేల్పుల చరిత్ర ఉంటాయి. కొలుపు వేళ డోలి కళాకారులు పడిగెను విప్పి, డోలు మోగిస్తూ ఆ కథను గానం చేస్తారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించడంతో ఈ కళ బయటి ప్రపంచం దృష్టికి వచ్చింది.

దీనిని పఠనం అనవచ్చునా అన్న సందేహం సహజం. కథ గాయకుడి జ్ఞాపకంలోనిదే కదా, బొమ్మ కేవలం గుర్తు కదా అని అడగవచ్చు. కాని తెలుగులో ‘పురాణం చదవడం’ అంటే నలుగురి కోసం పైకి చదవడమే. మౌనంగా ఒంటరిగా చదవడం అచ్చుపుస్తకం వల్ల స్థిరపడిన అలవాటు. వరుస తప్పకూడని చిత్రాన్ని చూస్తూ వంశకథను విడమరచడం ఆ పాత అర్థంలో నిస్సంశయంగా చదువే.

ఈ చదువులో మద్యానికి నియతమైన చోటుంది. కొలుపులో వేల్పుకు సాక పోస్తారు. సాక పోసిన తరువాతే అది మనుషులకు చేరుతుంది. ఇక్కడ పానం పఠనానికి విలాసం కాదు, విఘాతం కూడా కాదు. ‘పానశాల’లో మత్తు పాఠకుణ్ణి లోకం నుంచి విడదీస్తుంది. పడిగె ముందర పానం అతణ్ణి గట్టుకు బద్ధుణ్ణి చేస్తుంది. వేల్పుల వరుస తారుమారైతే కథ మరొకరిదవుతుంది కనుక, అక్కడ మైకానికి దొరికే స్వేచ్ఛ తక్కువ.

అయితే దీనిని ఆధారం చేసుకుని ఏజెన్సీలోని తాగుడునంతా సంస్కృతిగా సమర్థించడం మరో పొరపాటు. బెల్లంతో కాచే గుడుంబాకు ఋతువు లేదు, సాక లేదు. దుకాణం సీసాకూ అంతే. వాటి భారాన్ని ఇంట్లో మోసేది ఇక్కడా స్త్రీలే. ఆ మేరకు ‘సీతమ్మ కథ’ అడవిలోనూ చదవదగినదే. దోషం ఆ కథలో లేదు. జీలుగు కల్లునూ గుడుంబానూ ఒకే పేరుతో పిలిచే పఠనంలో ఉంది. 1996 నాటి పీసా చట్టం మత్తుపదార్థాల నియంత్రణలో గ్రామసభకు అధికారం కల్పించింది. ఆ అధికారానికి అర్థం ఉండాలంటే ఏది ఏదో విడదీసి చెప్పే మాట కూడా గ్రామసభదే కావాలి.

డోలి కథలను అచ్చువేసే సంపాదకుల ముందు ఇదే సమస్య మరో రూపంలో నిలుస్తుంది. పాటను మాత్రమే లిఖించి, సాకను ఆచార వివరంగా పీఠికలోకి నెడితే, చేతికి వచ్చేది రాత్రిబడి వాచకం వంటి నిర్మలమైన పుటే. ఏ నెలలో, ఏ చెట్టు పానీయాన్ని, ఎవరు, ఏ బొమ్మ దగ్గర పోశారో పాటతో పాటే, పాట నడుమనే నమోదు కావాలి.