బాణం ఎటు తిరుగుతుందో ముందు చెప్పాలి

రెండు డీఎన్ఏ ముక్కలను పక్కపక్కన పేర్చి, ఏ అక్షరానికి ఏది సరిపోతుందో తేల్చడం కంప్యూటేషనల్ బయాలజీ తొలి పాఠాల్లో ఒకటి. 1970లో నీడిల్‌మన్, వున్ష్ ప్రచురించిన పద్ధతినే ఇవాళ్టికీ డిగ్రీ తరగతుల్లో చెబుతారు. ఏసీజీటీ, సీజీటీఏ అనే చిన్న ముక్కలే తీసుకుందాం. మధ్యమధ్య ఖాళీలు వదులుతూ వీటిని పేర్చుకుంటూ పోయే దారులు 321 ఉన్నాయి. పదేసి అక్షరాలైతే ఆ లెక్క 80 లక్షలు దాటుతుంది. పద్ధతి మాత్రం వాటన్నిటినీ తిరగదు. 25 గడుల పట్టిక నింపి ఊరుకుంటుంది. లోపలి గడిలో పడే ప్రతి అంకె పైగడి నుంచో, ఎడమగడి నుంచో, మూలగడి నుంచో వస్తుంది. మూడింటిలో ఎక్కువ ఏదిస్తే అదే నిలుస్తుంది, అది ఎటునుంచి వచ్చిందో ఒక బాణం గుర్తుపెడుతుంది. పుస్తకం అచ్చువేసేది నిండిపోయిన పట్టికను. ఒక్కో గడి దగ్గర జరిగిన పోటీ అందులో కనబడదు, విద్యార్థి తెలుసుకోవాల్సిందేమో ఆ పోటీనే.

దాన్ని కళ్లకు కట్టించాలన్న ప్రయత్నం పాతదే. 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ బేకర్ తీసిన ‘సార్టింగ్ అవుట్ సార్టింగ్’ అనే అరగంట చిత్రం, అంకెలను వరుసలో పెట్టే పద్ధతులను కదిలే బొమ్మలుగా చూపింది. తర్వాత కొద్ది ఏళ్లకే బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మార్క్ బ్రౌన్, రాబర్ట్ సెడ్జ్‌విక్ ‘బాల్సా’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, బొమ్మను నడిపే పగ్గం చూసేవాడి చేతికిచ్చారు. నా దృష్టిలో ఈ సంప్రదాయానికి అసలు మలుపు ఇదే. బొమ్మ కదలడం వల్ల చదువు రాదు. కదిలే ముందు అది ఆగి విద్యార్థిని అడగాలి, అతను జవాబు చెప్పాలి, ఆ తర్వాతే కదలాలి.

పరిశోధనలూ ఇటే మొగ్గుతున్నాయి. హండ్‌హౌజెన్, డగ్లస్, స్టాస్కో 2002లో ఇలాంటి బొమ్మలపై జరిగిన 24 ప్రయోగాలను కలిపి పరిశీలించి, తెరమీద ఏముందన్న దానికంటే విద్యార్థులు దానితో ఏం చేశారన్నదే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తోందని తేల్చారు. అదే ఏడాది ట్వెర్‌స్కీ, మోరిసన్, బెట్రాన్‌కూర్ ఇంకాస్త కటువైన మాటే చెప్పారు: కదిలే బొమ్మ నిలిచిన బొమ్మను మించినట్టు కనిపించిన చాలా చోట్ల పోలిక సరిసమానంగా లేదు, కదిలేదానిలో సమాచారమో, విద్యార్థి చేయిచేసుకునే వీలో అదనంగా ఉంది. పైగా బొమ్మ వేగంగా సాగితే కన్ను అందుకోలేదు. యానిమేషన్లను ఇష్టపడేవాళ్లే ఈ విమర్శను ముందుగా చదవాలి.

ఇప్పుడు మన పట్టిక దగ్గరికొద్దాం, దాన్ని అలాంటి ఆగి అడిగే బొమ్మగా తెరమీద పెట్టామనుకుందాం. అక్షరం కలిస్తే +1, కలవకపోతే −1, ఖాళీ వదిలితే −1. ఈ ధరలతో సీజీటీ కింద సీజీటీ వస్తుంది, రెండు కొసల్లో రెండు ఖాళీలు, మొత్తం 1. తెర పక్కనున్న మీటను జరిపి ఖాళీ ధరను −2 చేస్తే మొత్తం −1కి దిగుతుంది, −3 చేస్తే −3కి. పేర్పు మాత్రం చెక్కుచెదరదు. −4 దగ్గరికి రాగానే జవాబు దారిలోని బాణాలన్నీ ఒక్కసారిగా మూలదారి పడతాయి. ఖాళీలు మాయమై, ఒక్క అక్షరమూ కలవని నిట్టనిలువు పేర్పు −4తో గెలుస్తుంది, ఎందుకంటే పాత పేర్పు విలువ అప్పటికి −5. ఉత్తమమైన జవాబు డీఎన్ఏలోనే దాగి ఉందనుకున్న విద్యార్థి ఇక్కడ ఉలిక్కిపడతాడు. ఖాళీ అంటే పరిణామక్రమంలో ఒక అక్షరం చేరడమో, ఊడిపోవడమో. అలాంటివి ఎంత అరుదో మనం వేసుకున్న అంచనాయే ఆ ధర. జీవశాస్త్రం లెక్కలోకి అడుగుపెట్టే చోటు ఇదే.

ఇదంతా సుద్దముక్కతో చెప్పలేమా అని అధ్యాపకులు అడుగుతారు, అడగాల్సిందే. మొదటి పట్టికను చేత్తో నింపించడమే మేలని నేనూ ఒప్పుకుంటాను. కానీ ధర మారిన ప్రతిసారీ తొలి సున్నా తప్ప 24 గడులూ తుడిచి మళ్లీ నింపాలి. ఒక గంట తరగతిలో అలా ఎన్నిసార్లు? జెనెటిక్ డ్రిఫ్ట్ పాఠంలోనైతే బోర్డు పూర్తిగా చేతులెత్తేస్తుంది. పదిమంది ఉన్న జనాభాలో ఒక జన్యువుకు 20 నకళ్లు, అందులో సగం ఒక రూపం, సగం మరో రూపం. ఎంపిక ఒత్తిడి ఏదీ లేకున్నా కొన్ని తరాలకు ఒక రూపం తుడిచిపెట్టుకుపోతుంది. ఏది పోతుందన్నది కేవలం యాదృచ్ఛికం. ఒక్కసారి చూపే వీడియో చూసినవాడు, పోయిన రూపం బలహీనమైనదనుకునే ప్రమాదముంది. బటన్ మళ్లీ మళ్లీ నొక్కినవాడికి ఒకసారి ఇది, ఒకసారి అది పోతూ కనిపిస్తుంది.

మన దగ్గర ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నవాళ్లలో చాలామందికి లెక్కలు పదో తరగతితో ఆగిపోతాయి. వాళ్లముందు సూత్రం రాసి పెడితే సగం తరగతి అక్కడే వెనక్కి తగ్గుతుంది. మూడు గడుల పోటీగా చూపిస్తే తర్వాత సూత్రం రాసుకోవడం వాళ్లకే చేతనవుతుంది. ల్యాబ్‌లో అందరికీ కంప్యూటర్లు లేవన్న అభ్యంతరం నిజమైనదే. ఒక్క ప్రొజెక్టర్ ఉన్నా, తరువాతి బాణం ఎటు తిరుగుతుందో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాశాకే బటన్ నొక్కే నియమం పెట్టుకుంటే పాఠం నడుస్తుంది. తెరమీద ఆడుకున్నవాడు ప్రోగ్రామ్ రాయడం నేర్చుకోడన్న భయం మాత్రం దానంతటదే ఆడే బొమ్మలకే వర్తిస్తుంది. ఏ గడిలో ఏ అంకె రావాలో ముందే చెప్పగలిగినవాడు తన కోడ్ ఏ గడి దగ్గర తప్పిందో కూడా పట్టుకోగలడు. ఇక మారాల్సింది ప్రశ్నపత్రం. పట్టిక నింపమని అడిగే బదులు, −3 దగ్గర నిలిచిన పేర్పు −4 దగ్గర ఎందుకు కూలిందో నాలుగు వాక్యాల్లో రాయమనాలి.