ఒక్క ట్రాన్సిస్టర్, రెండు స్వరాలు

ఫోన్‌లో బటన్ నొక్కగానే వినిపించే ఆ కూతలో రెండు స్వరాలు ఉంటాయి. ఐదు నొక్కితే 770 హెర్ట్జ్, 1336 హెర్ట్జ్ కలిసి మోగుతాయి. ఈ టచ్‌టోన్ ఫోన్లు 1963 నవంబరు 18న అమెరికాలోని పెన్సిల్వేనియాలో, కార్నెగీ, గ్రీన్స్‌బర్గ్ ఊళ్లలో చందాదారులకు అందుబాటులోకి వచ్చాయి. ఆనాటి డయల్ విప్పితే రెండు స్వరాలనూ పుట్టించే ట్రాన్సిస్టర్ ఒక్కటే కనిపిస్తుంది. నా దృష్టిలో ఫోన్ పెట్టె లోపల జరిగిన పనితనంలో ఇంతకు మించినది అరుదు.

రెండు ఆసిలేటర్లు (స్వరం పుట్టించే సర్క్యూట్లు) విడివిడిగా పెడితే ఏ గొడవా ఉండేది కాదు. కానీ అప్పట్లో ట్రాన్సిస్టర్ ఖరీదైన వస్తువు, ఫోన్లేమో లక్షల్లో తయారు కావాలి. పైగా డయల్‌కు సొంత బ్యాటరీ లేదు. ఎక్స్చేంజిలోని 48 వోల్టుల సరఫరా మైళ్ల పొడవు రాగి తీగలో నీరసించి ఇల్లు చేరేసరికి మిగిలిన కరెంటుతోనే అంతా నడవాలి.

ఒకే ట్రాన్సిస్టర్‌తో రెండు పౌనఃపున్యాలు పుట్టించబోతే, బలమైనది రెండోదాన్ని నొక్కేస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో ఎల్.ఎ. మీచమ్ బృందం దీనికో ఉపాయం పన్నింది. రెండు కాయిళ్లు, వాటికి చెరో కెపాసిటర్. ప్రతి కాయిల్‌కూ దాని సొంత వారిస్టర్, అంటే వోల్టేజి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే భాగం. స్వరం ఒక హద్దు దాటి పెరగబోతే ఆ కాయిల్ మీది వారిస్టరే దాన్ని అక్కడికక్కడ ఆపుతుంది. కళ్లెం వేసే పని ట్రాన్సిస్టర్ దాకా రాదు కనుక ఒక స్వరం పెరుగుదల రెండోదాని వాటాను తినదు. లైను కరెంటు కాస్త అటూ ఇటూ అయినా స్వరాల బలం నిలకడగా ఉంటుంది. మీచమ్‌కు ఇది కొత్త కాదు. 1938లోనే ఆయన చిన్న బల్బు ఫిలమెంటును అడ్డుపెట్టి తన బ్రిడ్జ్ ఆసిలేటర్‌ను నిలకడగా ఉంచారు.

ఇంకా ముచ్చటైన సంగతి ఒకటుంది. ఆసిలేటర్ మామూలుగా చిన్నగా మొదలై పుంజుకుంటుంది. చకచకా నొక్కే వేళ్లకు అంత వ్యవధి ఉండదు. అందుకని బటన్ కదలనంతసేపూ లైను కరెంటు కాయిళ్ల గుండా ఊరికే పారుతూ ఉంటుంది. బటన్ కిందికి దిగుతూ ముందు తన అడ్డువరుస, నిలువువరుస కాంటాక్టులను కలిపి ఒక్కో కాయిల్‌లో ఎన్ని చుట్లు పనిచేయాలో నిర్ణయిస్తుంది. అడుగుకు చేరాక అన్ని బటన్లకూ ఉమ్మడిగా ఉన్న స్విచ్ ఆ కరెంటును తటాలున తెంపుతుంది. కాయిల్‌లో దాగిన శక్తి వీణ తీగ మీటినట్టు ఒక్కసారిగా కెపాసిటర్‌లోకి దూకి, స్వరం మొదటి ఊపులోనే నిండుగా పలుకుతుంది. దాన్ని నిలబెట్టడమే ట్రాన్సిస్టర్ పని. గదిలో మాటలు లైనులోకి పోకుండా మైకును కత్తిరించేదీ, చెవికి మోత తగ్గించేదీ ఆ ఉమ్మడి స్విచ్చే.

పన్నెండు బటన్లకు పౌనఃపున్యాలను ఎంచే కాంటాక్టులు ఏడే: నాలుగు అడ్డువరుసలకు, మూడు నిలువువరుసలకు. 1968లో నక్షత్రం, హ్యాష్ గుర్తులు వచ్చినప్పుడు కొత్త స్వరాలేవీ అక్కర్లేకపోయింది. సున్నాకు అటూ ఇటూ ఖాళీగా ఉన్న మూలలు నిండాయి, అంతే.

పౌనఃపున్యాల ఎంపికలోనూ అంతే శ్రద్ధ. కింది గుంపు 697, 770, 852, 941. పై గుంపు 1209, 1336, 1477. పక్కపక్క స్వరాల నిష్పత్తి దాదాపు 21కి 19. 697ను రెట్టింపు చేస్తే 1394 వస్తుంది, అది 1336కూ 1477కూ నడుమ పడుతుంది. 770 రెట్టింపు 1540 కూడా ఏ స్వరం మీదా వాలదు. మనిషి గొంతు ప్రతి స్వరంతోపాటు దాని రెట్టింపులనూ మోస్తుంది కనుక ఈ జతలను పొరపాటున పలకడం కష్టం. అయినా ఎక్స్చేంజిలోని రిసీవర్ మరో కాపలా పెట్టుకుంది. వచ్చిన ధ్వనిని రెండు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపునూ, బలాన్ని ఒకే మట్టంలో ఉంచే లిమిటర్ గుండా పంపుతుంది. స్వచ్ఛమైన ఒక్క స్వరమే వస్తే లిమిటర్ బలమంతా దానికే దక్కి అంకె గుర్తుకొస్తుంది. మాటలైతే ఆ బలం ఎన్నో పౌనఃపున్యాల మధ్య చీలి, దేనికీ గడప దాటే శక్తి చాలదు.

పాత చక్రం డయల్ సున్నాకు పదిసార్లు లైను తెంపేది, దానికే సెకను పట్టేది. ఆ తెంపులు దగ్గరి ఎక్స్చేంజి దాటి పోయేవి కావు. ఈ స్వరాలు మాట వెళ్లగలిగిన చోటికల్లా వెళతాయి. గ్యాస్ బుకింగ్ నంబరుకు ఫోన్ చేసి తెలుగు కోసం అంకె నొక్కగలగడం అందువల్లే.

లోపం లేదనను. తొలి డయళ్లలో లైను రెండు తీగలూ తారుమారైతే మాటలు భేషుగ్గా వినిపించేవి, బటన్లు మాత్రం మూగపోయేవి. ట్రాన్సిస్టర్‌కు కరెంటు దిశ ముఖ్యం మరి. లైన్‌మన్ తీగలు అటుదిటు మార్చి బిగించాల్సి వచ్చేది. తర్వాతి నమూనాల్లో డయోడ్ల బ్రిడ్జ్ చేర్చాక ఆ బెడద తీరింది.