అంబాసిడర్‌కు ఆల్టర్నేటర్

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా ఆ బండిని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1489 సీసీ పెట్రోలు ఇంజన్, డైనమో ఉన్న పాత బండి మొరాయిస్తే ముందు చూడాల్సినవి పాయింట్లు, చార్జింగ్.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్ తీస్తే కింద పాయింట్లు కనిపిస్తాయి. షాఫ్టు మీది క్యామ్ వాటిని విడదీసిన ప్రతిసారీ కాయిల్‌లో కరెంటు తెగి, వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు దగ్గర రవ్వ ఎగురుతుంది. ఆ గ్యాప్ 15 థౌ, అంటే దాదాపు 0.38 మిల్లీమీటరు ఉండాలి. ఫీలర్ గేజ్ దూర్చి లాగితే కాస్త పట్టి వదిలినట్టుండాలి. గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు అడ్డుపెట్టి గ్యాప్ కుదిర్చి, బండిని ఊరు చేర్చే మెకానిక్కులున్నారు. టైమింగ్‌కైతే ఒక టెస్ట్ ల్యాంప్ చాలు. పుల్లీని గుర్తు దగ్గర ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా తిప్పుతారు. పాయింట్లు విడివడగానే బల్బు వెలుగుతుంది. సరిగ్గా అక్కడ బిగించేస్తారు. ఎంత గొప్ప పనితనమో!

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్‌లో పాయింట్లకు బదులు చిన్న మాడ్యూల్, షాఫ్టుకు అయస్కాంతపు రింగు వస్తాయి. రాపిడి ఉండదు కాబట్టి గ్యాప్ మారే గొడవ లేదు, మిస్సింగ్ తగ్గుతుంది. కాకపోతే కాయిల్ ఆ కిట్‌కు సరిపడేదై ఉండాలి. పట్టేసిన అడ్వాన్స్ వెయిట్లనూ, చిట్లిన క్యాప్‌నూ ఏ కిట్టూ బాగుచేయదు. ముందు వాటి సంగతి చూడాలి.

నన్నడిగితే కిట్ కంటే ముందు మార్చాల్సింది డైనమో. అది మహా అయితే ఓ 20 ఆంపియర్లు ఇస్తుంది, అదీ ఇంజన్ వేగం అందుకున్నాకే. సిగ్నల్ దగ్గర హెడ్‌లైట్లు వేసుకుని నిలబడితే భారమంతా బ్యాటరీదే. ట్రాఫిక్ లేని రోజుల్లో అది లోపంగా కనిపించలేదు. ఇప్పుడు నగరంలో ఓ సాయంత్రం తిరిగొచ్చేసరికి సెల్ఫ్ నీరసంగా మూలుగుతుంది. ఆల్టర్నేటర్ ఐడ్లింగ్‌లోనూ చార్జ్ చేస్తుంది.

అయితే బ్రాకెట్‌కు బిగించినంత మాత్రాన పని అయిపోదు. 35, 40 ఆంపియర్లను పాత వైరు మోయలేదు, వేడెక్కి కరుగుతుంది. బ్యాటరీకి లావు వైరు, మధ్యలో ఫ్యూజు వేయాలి. ఆ కరెంటుకు అమ్మీటరు తట్టుకుంటుందో లేదో చూసుకోవాలి. బండి పాజిటివ్ ఎర్త్ అయితే ముందు నెగటివ్‌కు మార్చాలి, లేదంటే డయోడ్లు క్షణంలో పోతాయి. పాత రెగ్యులేటర్ బాక్సును లైనులోంచి తప్పించినా, కదపకుండా ఉన్నచోటే ఉంచండి. రేపు ఎవరైనా బండిని కంపెనీ నుంచి వచ్చినట్టు చేయాలనుకుంటే దారి ఉండాలి. అంతా అయ్యాక ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 14 వోల్టుల చుట్టూ చూపించాలి.

విప్పిన పాయింట్ల ప్లేటును కండెన్సర్‌తో సహా డిక్కీలో పెట్టుకోండి. మాడ్యూల్ దారిలో పోతే దాన్ని బాగుచేసేవాళ్లు దొరకరు. పాయింట్లయితే రోడ్డు పక్కనే బిగించుకోవచ్చు.