గోడ మీద మూడు నెలలు

కళా ప్రదర్శనశాలలు అచ్చువేసి పంచే కరపత్రాల్లో రెండు పట్టికలు తప్పక కనిపిస్తాయి. మొదటిది ఇప్పుడు నడుస్తున్న ప్రదర్శనలది, రెండోది రానున్న వాటిది. బెంగళూరుకు వెళ్లివచ్చేవారి చేతుల మీదుగా కుప్పం వైపు చేరే ఇలాంటి కాగితాల్లో ఈ వారం చిరాకు తెప్పించినది రెండో పట్టికే, ఎందుకంటే మొదటి పట్టికలోని బొమ్మలను చూడటానికి తీరిక చిక్కేలోగానే వాటిని దించి వేరేవి ఎక్కిస్తామని అది ముందుగానే చెప్పేస్తుంది. ఈ శీర్షిక మొండిపట్టు పాత చదువరులకు తెలిసినదే: మంచి బొమ్మ ఒకే గోడ మీద, ఒకే చోట, తరాల తరబడి ఉండాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కాను తాత చూసిన తీరుగానే మనవడూ చూడగలగడం వల్లనే కదా ఆ పాలరాతి శిల్పం తెలుగువారి ఇళ్లలో మాటగా మిగిలింది.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు పేరిట చిత్రశాల ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లో చెప్పుకోదగ్గ చిత్రశాల లేదు. ఈ లోటు ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా జేమ్స్ కజిన్స్ పేరు రాక తప్పదు, ఇదివరకు ఎన్నిసార్లు వచ్చినా సరే. 1915లో అనీబిసెంట్ పిలుపుపై వచ్చిన ఈ ఐరిష్ కవి, ఆమె నడిపిన ‘న్యూ ఇండియా’ పత్రికలో 1916 నాటి డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసి, ఆ కొలువు పోగొట్టుకొని, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పంతులుగా కుదురుకున్నాడు. 1919లో రవీంద్రుడు అక్కడికి రావడం, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చడం, కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టడం ఏటా ఆగస్టు పదిహేనుకు పత్రికలు తిరగరాసే కథే. పాట దొరికిన సంబరంలో ఊరు బొమ్మలను మరిచింది. 1920లలో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఆధునిక భారతీయ చిత్రాల సేకరణను తీర్చినదీ, 1935లో తిరువనంతపురంలో తెరిచిన శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీకి సలహాదారుగా నిలిచినదీ ఈ కజిన్సే. 1956లో ఆయన కన్నుమూసింది మాత్రం మదనపల్లెలో. రెండు సంస్థానాలకు చిత్రశాలలు కుదిర్చిన మనిషి సొంత ఊరిగా చేసుకున్న చోట ఒక్క గోడైనా ఆ పనికి దక్కకపోవడం, అందులోనూ అది ఎవరికీ లోటుగా తోచకపోవడం, విడ్డూరమే.

అయితే కజిన్స్ ఏరి తెచ్చిన బొమ్మలు ఎలాంటివో కాస్త ఆగి చూస్తే, శాశ్వతపు గోడ గురించిన మొండిపట్టు సడలక తప్పదు. ఆయన మనసు పడింది బెంగాల్ చిత్రకారుల మీద, అంటే అవనీంద్రనాథ్ ఠాగూరు, నందలాల్ బోసుల వర్గం మీద. 1903లో కలకత్తా వచ్చిన జపాన్ చిత్రకారులు టైకాన్, షున్సోల సాంగత్యంలో అవనీంద్రుడు వాష్ పద్ధతిని అలవరచుకున్నాడు. కాగితం మీద నీటిరంగు పూసి, ఆరాక కాగితాన్ని నీటిలో ముంచి, మళ్లీ పూసి, మళ్లీ ముంచడం ఆ పద్ధతి. రంగు పొగమంచులా పలచగా కాగితంలో ఇంకుతుంది కాబట్టే ఆ బొమ్మలకు ఆ మార్దవం, కాబట్టే వాటికి వెలుతురంటే గండం. తైలవర్ణాలతో వేసిన రవివర్మ చిత్రం తట్టుకునే వెలుగును ఇవి తట్టుకోలేవు. వెలుతురును కొలిచే ప్రమాణం పేరు లక్స్. నడిమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటే, కాగితానికీ బట్టకూ 50 లక్స్ మించకూడదని మ్యూజియం వృత్తిలో ఒప్పుకున్న కట్టడి. అంత మసకలో ఉంచినా హాని ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. ఒకరోజు పడిన వెలుగు మరునాటి వెలుగుతో కూడుతూ పోతుందే గాని వెలిసిన రంగు మళ్లీ తిరిగిరాదు. అందుకే ఇలాంటి చిత్రాలను మూడు నాలుగు నెలలు చూపి, ఆపైన ఏళ్ల తరబడి చీకటి బీరువాలో పడుకోబెడతారు. విసుగు పుట్టించిన ఆ రెండో పట్టిక నిజానికి బొమ్మల సెలవు చీటీ.

ఈ నష్టాన్ని కంటితో చూడాలంటే పాత కలంకారీ వస్త్రం చాలు. శ్రీకాళహస్తి పనివారు కరక్కాయ కషాయం, పాలు కలిపిన నీటిలో గుడ్డను నానబెట్టి, బెల్లంలో ఇనుము ఊరవేసిన కసీంతో నల్లగీతలు గీసి, పటిక అద్దిన చోట ఎరుపు పట్టిస్తారు. ఆకుపచ్చ కావలసిన చోట నీలిమందు మీద పసుపు రంగు వేసే సంప్రదాయం ఉంది. పసుపు ముందుగా ఎగిరిపోతుంది, నీలి నిలుస్తుంది; అందువల్ల విదేశీ మ్యూజియాలకు చేరిన పాత అద్దకపు బట్టల్లో చాలా చెట్లకు నీలం ఆకులే కనిపిస్తాయి. చూసేవారు అదేదో చిత్రకారుడి ఊహ అనుకొని మెచ్చుకొంటూ ఉంటారు కూడా.

రాతికి ఈ బాధ లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పొలం గట్ల మీదా గుడి వాకిళ్లలోనూ నిలిచిన వీరగల్లులు, అంటే ఊరి పశువులనో ఊరినో కాపాడబోయి చచ్చిన వీరుడికి నిలిపిన రాళ్లు, బాణులు, వైదుంబులు, నొళంబులు ఏలిన కాలం నుంచీ ఎండలోనే ఉన్నాయి. కత్తి ఎత్తిన మనిషి, పక్కన ఆవులు, పైన అతణ్ణి స్వర్గానికి మోసుకుపోయే అప్సరసలు, అడుగున కుంకుమ, కొన్నిచోట్ల అక్షరాలను మూసేసిన సున్నం. వీటిని పెకలించి హాల్లోకి తెమ్మనేవారికి ఈ శీర్షిక మద్దతు ఏనాడూ లేదు. పూజ అందుకుంటున్న రాయికి లేబుల్ తగిలించడం దాని హోదా తగ్గించడమే.

కాబట్టి మదనపల్లెకు కావలసినది శాశ్వత చిత్రశాల అన్న పాత వాదన ఇక్కడితో సరి. కిటికీలకు మందపాటి తెరలు వేయగలిగిన ఒక హాలు, తాళం పడే బీరువా ఒకటి, ఏడాదికి సరిపడా పట్టిక ఒకటి ఉంటే పని మొదలవుతుంది. బెంగాల్ చిత్రాలు ఎరువు తెచ్చినా, కలంకారీ తెచ్చినా వానాకాలపు మూడు నెలలకు ఒకటి, చలికాలపు మూడు నెలలకు ఒకటి. వెలుతురు విపరీతంగా ఉండే వేసవికి శాసనాల నకళ్లు తగినవి. శాసన పరిశోధకులు తడి కాగితాన్ని రాతికి అద్ది, బ్రష్షుతో కొట్టి, పైన సిరా పూసి తీసే అచ్చులు అవి. ఆ సిరాలో ఉన్నది మసి, మసి ఎండకు వెలవదు. పుంగనూరు వీరుడు గట్టు మీదనే ఉంటాడు, అతడి అక్షరాలు హాలుకు వస్తాయి, జూన్‌లో వాటిని చుట్టి బీరువాలో పెట్టేస్తే ఆ గోడ రానున్న ప్రదర్శనకు ఖాళీ.