తూటాను మింగే మట్టికట్ట

ఫైరింగ్ రేంజిలో అందరి చూపూ తుపాకీ మీదో, టార్గెట్ మీదో ఉంటుంది. ప్రాణాలు కాపాడే పనితనం మాత్రం టార్గెట్ వెనకున్న మట్టికట్టలో ఉంది. సైనిక, పోలీసు రేంజిల్లో దాన్ని స్టాప్ బట్ అంటారు. పాయింట్ టూ టూ రైఫిల్ తూటా బరువు సుమారు 2.6 గ్రాములే అయినా, అడ్డు లేకపోతే కిలోమీటరు దాటి పోగలదు. దాన్ని మంచి కట్ట జానెడు లోతులోపే ఆపేస్తుంది.

తూటా దూరగానే ఇసుక రేణువులు పక్కకు తప్పుకుంటూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. వాటిని నెట్టడంలోనూ, ఆ రాపిడిలోనూ వేగమంతా ఖర్చయిపోతుంది. అందుకే కట్ట ముఖానికి జల్లెడ పట్టిన ఇసుకో, రాళ్లు ఏరేసిన గుల్లమట్టో వాడతారు. ఒక్క గులకరాయి తగిలినా తూటా దారి మళ్లవచ్చు. నల్లరేగడి ఎండకు గట్టిపడి నెర్రెలిస్తుంది కాబట్టి ముఖానికి పనికిరాదు. లోపలి భాగాన్ని మాత్రం చెరువు కట్ట వేసినట్టే పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో అణుస్తారు.

అసలు చిక్కు వాలు దగ్గర వస్తుంది. ముఖం ఎంత నిటారుగా ఉంటే తూటా అంత సూటిగా లోపలికి దిగుతుంది; వాలు తగ్గితే మట్టిని రాసుకుంటూ పైకి లేస్తుంది. పొడి ఇసుకేమో దాదాపు 34 డిగ్రీలకు మించి నిలవదు. ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి ఇసుకలో కాస్త బంకమట్టి కలుపుతారు. కట్ట పాదాన ఇసుక బస్తాలు పేర్చి, ఒక్కో వరుసను కొద్దిగా వెనక్కి జరుపుతారు. వెనక వైపు వాలు తగ్గించి గడ్డి పెంచితే, వానకు మట్టి కోసుకుపోదు.

కట్టడంతో పని తీరదు. తూటాలన్నీ టార్గెట్ వెనక ఒకేచోట దిగడంతో అక్కడ గుంట పడుతుంది. రాలిన మట్టి పాదం దగ్గర పేరుకుని, వద్దనుకున్న తక్కువ వాలును తయారుచేస్తుంది. గుంటలో పోగుపడ్డ పాత సీసానికి కొత్త తూటా తగిలితే ముక్కలు వెనక్కి చిమ్ముతాయి. ఆమ్లగుణం ఉన్న నేలలో అదే సీసం కరిగి నీటిలోకి చేరుతుంది. మట్టి పీహెచ్ 6.5, 8.5 మధ్య ఉండాలని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ సూచిస్తుంది. తగ్గితే సున్నం కలుపుతారు.

అందుకే పనివాళ్లు మాస్కులు కట్టుకుని, దుమ్ము లేవకుండా మట్టిని తడిపి తవ్వుతారు. జల్లెడ పట్టి సీసాన్ని వేరుచేసి కరిగించేవాళ్లకు పంపుతారు. శుభ్రమైన మట్టితో గుంట పూడ్చి, ముఖాన్ని మళ్లీ నిటారుగా దిద్దుతారు. ఈ ఒక్క పనితో వాలు నిలుస్తుంది, తూటా ఎదురుతిరగదు, కింది నీరు చెడదు.