పళ్ళు కనబడని నవ్వు

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో భామాకలాపం ఉందంటే చాలామంది సత్యభామ జడ కోసం వస్తారు. తెర మీదుగా ఆ జడ ఇవతల పడగానే హాలంతా చప్పట్లు. ఈ వ్యాసకర్త ఎదురుచూసేది మాత్రం ఆ తర్వాత వచ్చే ఇంకో చోటు కోసం. మీ ఆయన పేరేమిటమ్మా అని చెలికత్తె మాధవి సత్యభామని అడుగుతుంది.

మొగుడి పేరు నోటితో ఎలా చెప్పడం? సత్య తల వంచుతుంది. పెదవి చివర ఓ నవ్వు మొలిచి అక్కడే ఆగిపోతుంది. పేరు దాటేసి గుర్తులు చెప్పుకొస్తుంది.

అది ముసిముసి నవ్వు. లోపల నవ్వు పుట్టింది, పెదవులు దాన్ని గడప దాటనివ్వలేదు. పట్టు కాస్త సడలితే కిసుక్కుమంటుంది. పళ్ళు బయటపడితే ఇకిలింపు. ఇక్కడికొచ్చేసరికి మన గొంతు మారిపోతుంది. ‘ఏందిరా, ఊకె ఇకిలిస్తున్నవ్?’ అని ఈ వీధుల్లో ఎవరైనా అన్నారంటే అవతలివాడు నోరు మూసుకోవాల్సిందే. లేనగవు, మొలకనవ్వు, ఓరనవ్వు అన్నవన్నీ ముద్దుపేర్లు. వెకిలినవ్వు, పళ్ళికిలించడం తిట్లు. ఏమీ తెలియనట్టు నవ్వే మనిషికైతే నంగనాచి అని పేరే పెట్టేశాం. మొత్తమ్మీద తెలుగువాళ్ళు నవ్వుని ఎక్కువగా కొలిచేది పళ్ళతో.

భరతుడి కొలతా దాదాపు ఇదే. నాట్యశాస్త్రం నవ్వులు ఆరని లెక్కపెట్టింది: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటిదానికి చెక్కిళ్ళు కొద్దిగా విచ్చుకోవాలి, కడకంటి చూపులో సొగసుండాలి, పళ్ళు కనబడకూడదు. రెండోదానికొచ్చేసరికి పళ్ళు కొంచెం తొంగిచూస్తాయి. చివరిదాంట్లో కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మొదటి రెండూ ఉత్తములవనీ చివరి రెండూ అధములవనీ పంచడం మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వే మనిషి ఎందుకు తక్కువ కావాలి?

కావాలని తెచ్చుకున్న నవ్వంతా దొంగనవ్వే అనుకోవడమూ పొరపాటే. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) మగవాడు. కూచిపూడి కుటుంబాల పద్ధతి ప్రకారం స్త్రీ వేషం కట్టి, దశాబ్దాలపాటు సత్యభామగా నవ్వారు. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ నవ్వులో ప్రతి కదలికా నేర్చుకున్నదే. సత్యకి తనను అందరూ చూస్తున్నారని తెలుసు, ఆ తెలియడంలోనే ఆమె గర్వమూ సిగ్గూ ఉన్నాయి. అంత సాధనతో వచ్చిన నవ్వుని ఇకిలింపు అనడానికి ఎవరికీ నోరు రాదు.

గానసభ నుంచి అశోక్‌నగర్ నడిచి వెళ్ళేంత దూరమే. అక్కడ కోచింగ్ సెంటర్ల గదుల్లో మరో రకం నవ్వు సాధన నడుస్తుంటుంది. సివిల్స్‌లో 2025 మార్కులకి ఇంటర్వ్యూ వాటా 275. మాక్ ఇంటర్వ్యూకి కూర్చున్న పిల్లలు తలుపు తీసే ముందే ముఖానికి ఓ చిరునవ్వు పులుముకుంటారు. ప్రశ్న కష్టమయ్యేకొద్దీ పెదవులు అలాగే ఉంటాయి, చెక్కిళ్ళు బిగుసుకుపోతాయి, కళ్ళు ఎక్కడో ఉంటాయి. వాళ్ళని చూస్తే జాలేస్తుంది. దాన్ని వెకిలినవ్వు అంటే అన్యాయం. అతికించుకున్న నవ్వు అంటే సరిపోతుంది. ఏళ్ళ తరబడి హాస్టల్ గదుల్లో చదివిన భయమంతా దాని వెనక దాక్కుని ఉంటుంది.

నారాయణగూడలో ఒక ఫొటో స్టూడియో. అప్లికేషన్ కోసం ఫొటో దిగడానికి ఓ అమ్మాయి స్టూలు మీద కూర్చుంది. పక్కనే స్నేహితురాలు. ‘నవ్వొద్దమ్మా, నవ్వితే ఫొటో తీసుకోరు’ అన్నాడు ఫొటోగ్రాఫర్. ఆ మాటతోనే నవ్వొచ్చింది. పెదవులు బిగించింది, నేల చూపులు చూసింది, మళ్ళీ కెమెరా వైపు తిరిగింది. చెక్కిళ్ళు మాట వినలేదు. ఫొటోగ్రాఫర్ కెమెరా కిందికి దించి, విసుక్కోకుండా నిలబడ్డాడు.